ఇంటికి నిమ్ము చేసింది

పోయిన సంచికలో రక్తపోటు గురించి రాస్తూ, వచ్చే నెల మధుమేహం సంగతి చూద్దామని మాట ఇచ్చాను. ఆ మాట తప్పుతున్నందుకు పాఠకులు మన్నించాలి. మే నెల వచ్చేసింది. మంచు కరిగి వానలు మొదలయ్యాయి. ఇండియా నుంచి అమ్మలూ నాన్నలూ, అత్తగార్లూ మామగార్లూ దిగే రోజులివి. మనలో చాలామంది వాళ్ళకు పక్క వేసేది బేస్‌మెంటులోనే. మధుమేహం ఒక నెల ఆగినా ఫరవాలేదు గాని ఈ సంగతి ఆగదు.

ముందుగా నా తెలివితక్కువతనం చెప్పుకుని, తరువాత మీకు చెబుతాను.

మూడేళ్ళ క్రితం మా అమ్మ మొదటిసారి ఈ దేశం వచ్చింది. అంతకు ముందు ఏడే మేము ఇల్లు కొన్నాం. బేస్‌మెంటులో తివాచీ పరిపించి, సిమెంటు గోడలు కనబడకుండా డ్రైవాల్ కొట్టించి, మంచం వేసి, మూల దేవుడి పటాలు పెట్టి, "ఇది నీ గదే అమ్మా" అని గర్వంగా చూపించాను. అమ్మ గుమ్మంలోనే నిలబడి ముక్కు ఎగబీల్చింది. "ఏరా, ధాన్యం కొట్టు వాసనొస్తోందేమిటి?" అంది. "కొత్త తివాచీ వాసన, నాలుగు రోజుల్లో పోతుంది" అన్నాను. డాక్టరు కొడుకు చెప్పాడు గదా అని ఊరుకుంది.

జూన్ నెలాఖరుకు దగ్గు పట్టుకుంది. పగలు ఒక మాదిరిగా ఉండేది, రాత్రి పడుకుంటే ఆగేది కాదు. పుప్పొడి రోజులు గదా అని ఎలర్జీ మాత్రలు ఇచ్చాను. తగ్గలేదు. కడుపులో పులుపు గొంతులోకి తన్నుతోందేమోనని దానికి మందు వేశాను. తగ్గలేదు సరికదా పిల్లికూతలు మొదలయ్యాయి. ఎక్స్‌రే తీయిస్తే ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. గుండె సంగతేమోనని స్నేహితుడైన కార్డియాలజిస్టుకు చూపించాను. ఆయన ఏమీ లేదన్నాడు. అరవై రెండేళ్ళ దాకా ఏ మందూ ఎరగని మనిషి చేతికి ఇన్‌హేలరు ఇచ్చాను.

ఆగస్టులో న్యూజెర్సీలో మా తమ్ముడి దగ్గర రెండు వారాలు ఉండి వస్తానని వెళ్ళింది. వాడిది మూడో అంతస్తులో అపార్టుమెంటు. నాలుగో రోజున ఫోను చేసి "దగ్గు పోయిందిరా" అంది. తిరిగి వచ్చిన మూడో రాత్రికి మళ్ళీ మొదలు. "ఆ గది నిమ్మెక్కిందిరా నాయనా" అంటే, "అమెరికాలో నిమ్మేమిటమ్మా, ప్రయాణం బడలిక" అని కొట్టిపారేశాను. క్లినిక్కులో దగ్గుతో వచ్చే ప్రతి మనిషినీ నేను అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంట్లో ఉంటే ఎక్కువా? ఊరు వెళితే తగ్గుతుందా?" ఆ ప్రశ్న మా అమ్మను అడగలేదు. అడగకుండానే ఆవిడ జవాబు చెబితే వినలేదు.

సెప్టెంబరులో తిరుగు ప్రయాణానికి పెట్టెలు సర్దుకోవడానికి, గోడ వారన పేర్చిన సూట్‌కేసులు లాగితే బయటపడింది. పెట్టెల వెనక గోడంతా నల్లగా, పచ్చగా చుక్కలు చుక్కలుగా కలిసిపోయిన బూజు. కిందనున్న తివాచీ తడి. అట్టపెట్టెలో పెట్టిన ఆవిడ పట్టుచీర మడతల మీద కూడా మచ్చలు. మా అమ్మ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండును.

మన వైపు పసిపిల్లలకు జలుబు ఛాతీలోకి దిగితే "నిమ్ము చేసింది" అంటారు. గోడ చెమ్మెక్కినా అదే మాట. మన పూర్వులు రెండింటికీ ఒకే మాట ఊరికే పెట్టలేదని నాకు ఆ రోజున తోచింది.

ఇక శాస్త్రం సంగతి. బూజంటే ఏమిటో ఊరగాయ పెట్టే ఇంట పుట్టినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. జాడీలో తడి గరిటె పెట్టనివ్వరు. ఎందుకు? బూజు విత్తనాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. వాటిని ఆపడం ఎవరి తరమూ కాదు. వాటికి తిండి కూడా ఎక్కడైనా దొరుకుతుంది. ఊరగాయలో నూనె, ఉప్పు ఉండి, తడి తగలనంతసేపు అవి మొలకెత్తలేవు. ఇల్లూ అంతే. డ్రైవాల్ మీద అంటించిన కాగితం, అట్టపెట్టెలు, కొయ్య, తివాచీలో చేరిన దుమ్ము, అన్నీ బూజుకు అన్నమే. లేనిది తడి ఒక్కటే. ఆ తడి ఇచ్చేది మనం. తడిసిన వస్తువు ఒకటి రెండు రోజుల్లో, అనగా 24 నుంచి 48 గంటల్లో ఆరిపోతే సాధారణంగా బూజు పట్టదు. మూడో రోజు దాటితే పట్టిందనే అనుకోవాలి.

మరి బేస్‌మెంటులోకి తడి ఎట్లా వస్తుంది? ఇక్కడ ఒహైయోలో చలికాలం నేల కొంత లోతు దాకా గడ్డకడుతుంది. పునాది అంతకన్నా కిందికి దిగాలి. ఎటూ తవ్వుతున్నారు గనక ఇంకొంచెం తవ్వి గది చేశారు. అంటే మనం ఆ గదిలో నాలుగు వైపులా మట్టి మధ్య కూచున్నామన్నమాట. సిమెంటు దిమ్మెలు చూడటానికి రాయిలా ఉన్నా, దీపంలో వత్తి నూనె పీల్చినట్లు మట్టిలోని నీరు పీలుస్తాయి. పైకప్పు వైశాల్యం వెయ్యి చదరపు అడుగులుంటే, ఒక అంగుళం వానకు దాని మీద పడే నీరు ఆరు వందల గాలన్ల పైచిలుకు. గట్టర్లు ఆకులతో పూడిపోయినా, కిందికి దిగే గొట్టం గోడ పక్కనే ఆగిపోయినా, ఆ ఆరు వందల గాలన్లూ పునాది పక్కనే ఇంకుతాయి. మా ఇంట సరిగ్గా ఇదే జరిగింది. గడ్డి కోసేటప్పుడు అడ్డమొస్తోందని గొట్టం చివరి ముక్క పీకి గరాజ్‌లో పడేసింది నేనే. సూట్‌కేసులు పెట్టిన గోడ సరిగ్గా ఆ గొట్టానికి లోపలి వైపు.

రెండో దారి మనవాళ్ళు ఎవరూ నమ్మనిది, అందుకని కాస్త వివరంగా చెబుతాను. గది ముక్కవాసన వేస్తే మనం చేసే మొదటి పని కిటికీ తీయడం. గాలి ఆడాలి, గాలి ఆడితే చెమ్మ ఆరుతుంది. ఇది మన ఊళ్ళో నూటికి నూరుపాళ్ళు నిజం. మా అమ్మ కూడా రోజూ పొద్దున్నే లేచి బేస్‌మెంటు చిన్న కిటికీలు రెండూ తీసిపెట్టేది. నేను మెచ్చుకున్నాను కూడా. కాని ఒక సంగతి చూడండి. వేసవిలో చల్లటి మజ్జిగ గ్లాసు బల్ల మీద పెడితే గ్లాసు బయట చెమట పడుతుంది. ఆ నీరు గ్లాసులోంచి రాలేదు, గాలిలోంచి వచ్చింది. ఇక్కడ జూలైలో బయటి గాలి 85 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉందనుకోండి. ఆ గాలి సుమారు 70 డిగ్రీలకు చల్లబడితే చాలు, తనలోని నీరు వదిలేస్తుంది. బేస్‌మెంటు గోడలు మట్టి చలువకు వేసవిలో కూడా 60, 65 డిగ్రీల దగ్గర ఉంటాయి. అంటే బేస్‌మెంటే మజ్జిగ గ్లాసు! కిటికీ తీసిన కొద్దీ గోడకు నీళ్ళు పోస్తున్నట్లే. మన ఊళ్ళో గది గోడ బయటి గాలి అంత వెచ్చగానే ఉంటుంది గనక అక్కడ ఆ పద్ధతి పనిచేస్తుంది, ఇక్కడ ఎదురు తిరుగుతుంది. అమ్మానాన్నలకు ఈ సంగతి వచ్చిన రోజునే చెప్పండి. వద్దని ఊరికే అంటే వినరు, గ్లాసు చూపించండి. మా అమ్మకు ఒక్క నిమిషంలో అర్థమైంది. "ముందే చెప్పకపోయావా" అంది. నాకూ ముందే తెలిస్తే గదా!

మూడో దారి మన అలవాట్లు. బేస్‌మెంటులో తాడు కట్టి చీరలు, పంచెలు ఆరవేయడం. పైన ఇల్లంతా పోపు వాసన పట్టకూడదని కింద రెండో స్టవ్ పెట్టి గంటల తరబడి పప్పు ఉడికించడం. బట్టలారబెట్టే యంత్రం గొట్టం ఊడిపోయి ఆవిరి గదిలోకే వదలడం. పండగకు అరవైమంది వచ్చి కింద కూచుని ఊపిరి వదలడం కూడా ఇందులోదే. అరవైమందిని మానుకోమనను గాని, తక్కినవి మానవచ్చు.

గుర్తుపట్టడం ఎట్లా అంటారా? అన్నిటికన్నా గొప్ప పరికరం ముక్కు. కాని మన ముక్కు మన ఇంటి వాసనకు పది నిమిషాల్లో అలవాటు పడిపోతుంది. వారం రోజులు ఊరు వెళ్ళి వచ్చినప్పుడు తలుపు తీసిన మొదటి నిమిషం వచ్చే వాసనే అసలుది. ఊరినుంచి కొత్తగా వచ్చినవాళ్ళ ముక్కును నమ్మండి, నాలాగా వాదించకండి. గోడ వారన పేర్చినవన్నీ ఒకసారి లాగి వెనక చూడండి. తివాచీ మూల ఎత్తి చూడండి. రంగు పొరలు లేచినా, గోడ అడుగున కొయ్యపట్టీ వంకర తిరిగినా, మేకుల తలలు తుప్పు పట్టినా అక్కడ నీళ్ళున్నట్లే. సిమెంటు గోడ మీద తెల్లటి పొడి కనిపిస్తే కంగారుపడకండి. అది చాలావరకు నీటితోబాటు బయటికి వచ్చిన ఉప్పు. నీటిలో వేస్తే కరిగిపోతుంది, బూజు కరగదు. అయితే ఉప్పు వచ్చిందంటే నీరు వస్తోందనే అర్థం.

నీరు గోడలోంచి వస్తోందా, గాలిలోంచి వస్తోందా తెలుసుకోవడానికి కాణీ ఖర్చు లేని పరీక్ష ఉంది. రెండడుగుల ప్లాస్టిక్ గుడ్డ ముక్క తీసుకుని, నాలుగు అంచులూ టేపుతో వట్టి సిమెంటు గోడకు గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేయండి. చెమ్మ ప్లాస్టిక్ వెనక, గోడ వైపు పడితే నీరు మట్టిలోంచి వస్తోంది. ముందు వైపు, గది వైపు పడితే గాలి తేమ. మొదటిదానికి మందు ఇంటి బయట, రెండోదానికి ఇంటి లోపల. మా ఇంట రెండు వైపులా పడింది!

బయటి మందు చాలావరకు చవక. వసంతంలో ఒకసారి, ఆకులు రాలాక ఒకసారి గట్టర్లు తీయించండి. గొట్టం నీళ్ళు గోడకు కనీసం ఐదారడుగుల దూరంలో పడేట్లు ముక్క తగిలించండి. మట్టి గోడ వైపు వాలి ఉంటే, ఇంటి నుంచి మొదటి పది అడుగుల్లో ఆరు అంగుళాలు బయటికి వాలేట్లు పోయించండి. సంప్ పంపు ఉన్నవారు ఒక బకెట్ నీళ్ళు గుంటలో పోసి అది తిరుగుతోందో లేదో చూసుకోండి. పెద్ద వానకే కరెంటు పోతుంది గనక బ్యాటరీతో నడిచే రెండో పంపు ఉంటే మంచిది. ఇంటి ఇన్సూరెన్సు కాగితాలు ఒకసారి తీసి చదవండి. వరద మామూలు పాలసీలోకి రాదు. సంప్ గుంట పొంగితే సాధారణంగా వేరే అదనపు కాగితం ఉండాలి. బూజు ఖర్చు చాలా పాలసీలు ఇవ్వవు, ఇచ్చినా కొంత మేరకే.

లోపలి మందు డీహ్యూమిడిఫయర్. దానితోబాటు గాలిలో తేమ చూపే చిన్న మీటరు పది పదిహేను డాలర్లలో దొరుకుతుంది, ముందు అది కొనండి. తేమ 60 శాతానికి ఎప్పుడూ లోపుండాలి, 30 నుంచి 50 మధ్య ఉంటే శ్రేష్ఠం. మే నుంచి అక్టోబరు దాకా యంత్రం నడవాలి. బకెట్ నిండితే అది ఆగిపోతుంది, మనం మరిచిపోతాం. అందుకని గొట్టం పెట్టి నేల మీది డ్రెయినులోకి వదలండి. చల్లటి బేస్‌మెంటుకు తక్కువ ఉష్ణోగ్రతలో కూడా పనిచేసే రకం కావాలని అడిగి కొనండి, లేకపోతే లోపల మంచు కట్టి కూచుంటుంది. సిమెంటు నేల మీద గోడనుంచి గోడదాకా తివాచీ వద్దు. అట్టపెట్టెలు వద్దు, మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు వాడండి. బియ్యం బస్తా నేలకు ఆనించవద్దు, వీలైతే పైకే తీసుకుపోండి. బూజు పట్టిన వేరుశనగపప్పులు, ఎండుమిరపకాయలు కడిగి, వేయించి వాడదామనుకోవద్దు. వాటిలో చేరే అఫ్లటాక్సిన్ అనే విషం కడిగితే పోదు, వేయించినా పూర్తిగా పోదు.

పట్టినదాన్ని తీయడం గురించి. మొత్తం పది చదరపు అడుగుల లోపుంటే మీరే చేసుకోవచ్చు. ఎన్-95 మాస్కు, చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు రంధ్రాలు లేని గాగుల్స్ ఉండాలి. సిమెంటు, లోహం, గాజు వంటివాటిని సబ్బునీళ్ళతో తోమి పూర్తిగా ఆరబెట్టండి. డ్రైవాల్, సీలింగు పలకలు, తడిసి బూజెక్కిన తివాచీ, ఇవి బాగుపడవు, కోసి సంచిలో మూటగట్టి పారేయడమే. బ్లీచ్ పోస్తే తెల్లబడి పోయినట్లు కనబడుతుంది, కాని చచ్చిన బూజుకు కూడా ఎలర్జీ తెప్పించే శక్తి ఉంటుంది. బ్లీచును అమ్మోనియా ఉన్న ఏ ద్రవంతోనూ కలపవద్దు, విషవాయువు పుడుతుంది. బూజు మీద రంగు వేసేవారిని కూడా చూశాను. ఏడాది తిరక్కుండా పొర లేచి అదే బూజు బయటపడింది. ఉబ్బసం ఉన్నవారు, కీమోథెరపీ తీసుకుంటున్నవారు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు ఈ పని ముట్టుకోకూడదు. పిల్లల్ని, పెద్దవాళ్ళని ఆ రోజు ఇంకొకరి ఇంటికి పంపండి.

మాది నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు. ఇరవై చదరపు అడుగులు గనక మనుషుల్ని పిలిచాను. మొదట వచ్చినాయన గోడ వైపు చూడకుండానే గాలి పరీక్ష చేయాలి, తరువాత మందు కొట్టాలి అని పెద్ద లెక్క చెప్పాడు. పరీక్ష చేసేదీ ఆయనే, తీసేదీ ఆయనే! ఇళ్ళల్లో ఎంత బూజు ఉండవచ్చో చెప్పే ప్రభుత్వ పరిమితి ఏదీ ఈ దేశంలో లేదు. కంటికి కనబడుతున్న బూజుకు పరీక్ష సాధారణంగా అనవసరం. రెండో ఆయన ఇంట్లోకి రాకముందు అరగంట సేపు ఇంటి చుట్టూ తిరిగి, గొట్టం దగ్గర ఆగి, "ఈ ముక్క ఏదీ?" అని అడిగాడు. పని ఆయనకే ఇచ్చాను.

"నల్లబూజు ప్రాణాలు తీస్తుందట గదా" అని నన్ను ఫోనులో అడిగేవారు చాలామంది. ఆ భయం పుట్టింది మన ఊళ్ళోనే. 1993, 94 సంవత్సరాల్లో ఇక్కడ క్లీవ్‌లాండులో కొందరు పసిబిడ్డలకు ఊపిరితిత్తుల్లో రక్తస్రావమైంది. వారి ఇళ్ళల్లో స్టాకీబోట్రిస్ అనే నల్లబూజు ఉన్నదని మొదట దాని మీద నేరం మోపారు. 2000లో సి.డి.సి. వారు ఆ లెక్కలు మళ్ళీ పరిశీలించి, సంబంధం రుజువు కాలేదన్నారు. 2004లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వారు చెమ్మ ఇళ్ళ మీద నివేదిక వేశారు. దగ్గు, పిల్లికూతలు, ముక్కు, గొంతు బాధలు, ఉన్న ఉబ్బసం రేగడం, వీటికి చెమ్మతోనూ బూజుతోనూ సంబంధం ఉన్నదని తేల్చారు. కనుక నల్లదా పచ్చదా అని రంగు చూసి భయపడటం గాని, ధైర్యపడటం గాని వద్దు. ఏ రంగుదైనా తీసేయవలసిందే. తీసి, నీరు వచ్చే దారి మూయవలసిందే.

ఎప్పుడు డాక్టరు దగ్గరకు వెళ్ళాలి? ఇల్లు వదిలితే తగ్గి, ఇల్లు చేరితే తిరగబెట్టే దగ్గు ఏదైనా సరే చూపించండి, ఆ సంగతి మీరే డాక్టరుకు చెప్పండి, అడిగేదాకా ఆగకండి. కింద గదిలో గడిపిన కొన్ని గంటలకు జ్వరం, ఆయాసం కలిసి వస్తే అది అరుదైనదే గాని తేలికైనది కాదు. కళ్ళెలో నెత్తురు పడితే ఆ రోజే వెళ్ళండి.

మా అమ్మను పిల్లల గదిలోకి మార్చాక పది రోజుల్లో దగ్గు తగ్గింది. అక్టోబరులో విమానం ఎక్కేనాటికి ఇన్‌హేలరు అవసరం లేకపోయింది. నిరుడు మళ్ళీ వచ్చినప్పుడు పైగదిలోనే పక్క వేశాం, పిల్లలు హాల్లో పడుకున్నారు. మీటరు మాత్రం ఆవిడే రోజూ దిగి చూసి వచ్చి, "నలభై ఎనిమిది" అని కాఫీతోబాటు చెప్పేది.

చివరిగా సంఘానికి సంబంధించిన మాట. మన గ్రంథాలయం పుస్తకాలు స్థలం లేక ఒక సభ్యుల బేస్‌మెంటులో అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఇన్నాళ్ళు చోటిచ్చిన వారి ఔదార్యానికి మనమంతా రుణపడ్డాం. కాని ఉగాది నాటకం రిహార్సలుకు వెళ్ళినప్పుడు కింది వరస పెట్టె తెరిస్తే, లోపల నుంచి నాకు బాగా పరిచయమైన వాసన వచ్చింది. కార్యదర్శిగారితో మాట్లాడాను. జూన్ రెండో ఆదివారం ఉదయం పది గంటలకు పుస్తకాలన్నీ మా ఇంటి ముందు బల్లల మీద పరిచి, ఆరుబయట మెత్తటి బ్రష్షుతో దులిపి, కాసేపు ఎండ చూపించి, మా పైఅంతస్తు గదిలోకి చేరుస్తాం. బాగా పాడైనవాటిని పారేసే ముందు పేజీలు స్కాన్ చేయాలి. ఆ యంత్రం ఉన్నవారు తీసుకురాగలరు. మాస్కులు నేను తెస్తాను. వానపడితే తరువాతి ఆదివారం. ఉబ్బసం ఉన్నవారు దయచేసి దులిపే పనికి రావద్దు, ఒంటిగంటకు భోజనానికి రండి.